నెమ్మది గది

సూర్యప్రకాష్ అరికాళ్లకి బురద లేదు.

పంచనామా రోజున కాలువ గట్టు మీద నుంచి కానిస్టేబులు తీసిన ఫొటో అది. ఎస్సై రెబెకా దాన్ని ఫోన్లో రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. పద్నాలుగేళ్ల కుర్రాడు బోర్లా పడి ఉన్నాడు. తల మడుగులో ఉంది, కాళ్లు గట్టు వైపు బురద మీద ఉన్నాయి. మోకాళ్లకి బురద, మోచేతులకి బురద, చొక్కా అంచులకి బురద. పైకి తిరిగి ఉన్న అరికాళ్లు మాత్రం, అప్పుడే కడుక్కుని వచ్చి చాప మీద పడుకున్నవాడివిలా తెల్లగా ఉన్నాయి.

ఏప్రిల్ మూడో వారం. కాలువలు కట్టేసి పది రోజులు దాటింది. రాజోలు దాటాక ఆ కుర్రాడు ఉంటూ చదువుకునే స్కూలు పక్కన పారే కాలువలో అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగు తప్ప నీళ్లు లేవు. గట్టు దిగి మడుగు దాకా పోవాలంటే పిక్కల్లోతు బురదలో నడవాలి. నడిచినవాడి కాళ్లు అలా ఉండవు. ఎవరో మోసుకెళ్లి పడుకోబెట్టినవాడి కాళ్లు అలా ఉంటాయి.

రెబెకా పిల్లల కేసులు చూడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొదట్లో ఇంటికి వెళ్లాక అన్నం తినలేకపోయేది. ఇప్పుడు తింటుంది. ఫోను జేబులో పెట్టుకుని, బండారులంకలో దుర్గ ఇంటి ముందు జీపు దిగింది. కానిస్టేబుల్ నాగమణి వెనకే వచ్చింది.

దుర్గ సూర్యప్రకాష్ తల్లి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది గానీ నేయడం లేదు. సోమవారం ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లి ఎస్పీ గారికి అర్జీ ఇచ్చింది. నా కొడుకు కాలవలో పడి చనిపోయాడని సీఐ గారు రాసేశారు, వాడు కాలవలో పడలేదు, అని. ఆ అర్జీ మీదే ఎస్పీ గారు అమలాపురం మహిళా స్టేషన్ నుంచి రెబెకాని పంపించారు. మళ్లీ ఒకసారి చూసి చెప్పమన్నారు.

“కాలవలో పడలేదని ఎలా అనుకున్నారమ్మా?”

“వాడికి మొహం మీద నీళ్లు పడితే ప్రాణం పోయినట్టుండేదండి. పుట్టి బుద్దెరిగిన కాణ్ణుంచీ తలమీద చెంబుడు నీళ్లు పోయించుకోలేదు. తడిగుడ్డతో తుడిచేదాన్ని. అలాంటోడు కాలవలోకి ఎందుకు దిగుతాడండి?”

ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఎవరో అడిగితే బస్సు ఎన్నింటికి వస్తుందో చెబుతున్నట్టు చెబుతోంది.

“కోపమొస్తే చేతులు కొరుక్కునేవాడా?”

“లేదండి. మోత ఎక్కువైతే చెవులు మూసుకుని గుండ్రంగా తిరిగేవోడు. అంతే. తిరిగి తిరిగి ఆగిపోయేవోడు.”

“ఏం తినేవాడు?”

“తెల్లన్నం, పెరుగు. ఇంకేదీ నోట్లో పెట్టడండి. పెడితే ఉమ్మేసేవోడు. స్కూల్లో చేర్చినప్పుడు ఆయాగారికి కూడా చెప్పేను.”

రెబెకా తల ఊపింది. మాటలు రాని పిల్లవాడు ఏం తింటాడో, దేనికి భయపడతాడో తల్లికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అది సాక్ష్యంగా నిలబడదు. నిలబడేది ఆస్పత్రి నుంచి రావాలి.

జీపు ఎక్కుతుండగానే వచ్చింది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఫోన్లో మాట్లాడాడు. కాగితం రావడానికి ఇంకా టైం పడుతుందని చెప్పి, తను చూసింది చెప్పాడు. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు, ఒండ్రు లేదు. పొట్ట ఖాళీ. రెండు ముంజేతుల మీదా ఒకే చోట, ఒకే వెడల్పున అడ్డంగా కమిలిన పట్టీలు.

“పళ్ల గాట్లు కావచ్చా డాక్టరు గారూ? కొరుక్కున్నాడని స్కూలు వాళ్లు చెప్పారట.”

“కొరికితే గుండ్రంగా పడుతుందండి. ఇది తిన్నగా ఉంది. చర్మం మీద నేత గుర్తు కూడా పడింది. నవారు పట్టీ లాంటిదేదో గట్టిగా బిగిస్తే పడినట్టుంది.”

రెబెకా ఆ ముంజేతుల ఫొటో పంపమని అడిగి, థాంక్స్ చెప్పి పెట్టేసింది. జీపు రాజోలు రోడ్డెక్కింది.

స్కూలు వీరవెంకటరమణ గారిది. యాభై దాటిన మనిషి. తండ్రి కట్టించిన ఇల్లూ, వెనక కొబ్బరితోటా ప్రత్యేక పిల్లల కోసం ఇచ్చేసి పదకొండేళ్లుగా నడుపుతున్నాడు. ఎవరి మీదా గొంతు పెంచడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆఫీసు గదిలోకి వాళ్లు అడుగు పెట్టగానే లేచి నిలబడి కొబ్బరిబోండాలు తెప్పించాడు.

“తీసుకోండి మేడమ్ గారూ. ఎండన పడి వచ్చేరు.”

“తర్వాత తాగుతానండి. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి.”

“సీఐ గారికి చెప్పేనండి అంతాను.”

“నాకూ చెప్పండి.”

ఆయన విసుక్కోలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ మొదటినుంచీ చెప్పాడు. ముందు రోజు మధ్యాహ్నం ఒక దాతగారి మనవడి పుట్టినరోజు. పిల్లలందరికీ భోజనాలు పెట్టించారు. సాయంత్రం ఆడుకున్నారు. రాత్రి సూర్య ఉప్మా తిని పడుకున్నాడు. తెల్లవారుజామున ఆయా అచ్చాయమ్మ లేచి చూసేసరికి మంచం మీద లేడు. గేటెక్కి దూకాడు. పొద్దెక్కాక కాలువలో కనిపించాడు.

“ఈ పిల్లలకి నీళ్లంటే ఒక ఆకర్షణండి. పుస్తకాల్లో కూడా ఉంది. మేం ఎంత కాపలా కాసినా...”

ఆ మాటలో అబద్ధం లేదని రెబెకాకి తెలుసు. అలాంటి పిల్లలు ఉన్నారు. సూర్య అందులో ఒకడు కాదు, అంతే.

“పుట్టినరోజు ఫొటోలు ఉన్నాయాండి?”

“ఎందుకు లేవండి. గ్రూపులో పెట్టేం.”

ఆయన ఫోను ఇచ్చాడు. హాల్లో రెండు వరసలుగా పిల్లలు. నెత్తిన రంగుకాగితాల టోపీలు. ముందు విస్తళ్లు. మధ్యలో దాతగారి కుటుంబం, కేకు. రెబెకా ఒక్కో ఫొటో జరుపుతూ చివరిదాకా చూసింది.

“సూర్య ఎక్కడండి?”

“ఎక్కడో వెనకాల ఉండుంటాడండి.”

“వెనకాల గోడ ఉందండి.”

వీరవెంకటరమణ ఫోను తీసుకుని చూశాడు. తనూ మొదటిసారి గమనించినట్టు కాసేపు చూసి బల్ల మీద పెట్టాడు.

“పిల్లలు గొడవ చేస్తే ఏం చేస్తారండి ఇక్కడ?”

“కొట్టమండి.” ఈసారి వెంటనే వచ్చింది జవాబు. “ఈ స్కూల్లో బెత్తం లేదు, మీరు గదిగదీ వెతుక్కోండి. పదకొండేళ్లలో ఒక్క పిల్లాడి మీద చెయ్యి పడలేదు. గొడవ చేస్తే నెమ్మది గదిలో కాసేపు కూర్చోబెట్టేవాళ్లం. ఎవరూ కనపడకపోతే, ఏ మోతా లేకపోతే వాళ్లే సర్దుకుంటారు. శిక్ష కాదండి అది. విశ్రాంతి.”

“ఆ గది చూడొచ్చా?”

“ఇప్పుడు లేదండి. తీసేసేం. బియ్యం బస్తాలు పెట్టుకున్నాం.”

“ఎప్పుడు తీసేశారు?”

“ఈమధ్యేనండి.”

“సూర్య పోకముందా, పోయాకా?”

ఆయన మళ్లీ కళ్లజోడు తీశాడు. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

“గుర్తు లేదండి,” అన్నాడు.

వంటగది వెనక, మెట్ల కింద ఉంది ఆ గది. మెట్లు దాటి ముందుకొచ్చిన మేరకి పైన రేకు. కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి మూసేశారు. కొత్త సున్నం వాసన బయటికే వస్తోంది. నాగమణి బస్తాలు ఒక పక్కకి జరిపింది. రెబెకా టార్చి వెలిగించి మోకాళ్ల మీద కూర్చుంది.

తలుపుకి లోపల గడియ లేదు. బయట ఒకప్పుడు గడియ ఉన్న చోట నాలుగు కన్నాలు పుట్టీతో పూడ్చి పైన రంగేశారు. తలుపు లోపలి వైపంతా జిగురు చారలు. ఇదివరకు అక్కడ స్పాంజి అతికించి ఉండేదన్నమాట. జిగురు మీద పసుప్పచ్చ స్పాంజి ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. నేల మధ్యలో చదరంగా నాలుగు చోట్ల కొత్త సిమెంటు. కుర్చీని నేలకి బిగించి, తర్వాత పీకేసినట్టుగా ఉంది. ఎదురుగోడ మీద, కూర్చున్న పిల్లవాడి పాదం అందేంత ఎత్తులో, సున్నం కింద ప్లాస్టరు గుంటలు పడి ఉంది. ఒక పిల్లవాడు తన్నితే పడే గుంటలు కావు. ఎంతోమంది, ఎన్నో రోజులు తన్నితే పడేవి.

నాగమణి ఒక్కొక్కటీ ఫొటో తీసింది.

“నువ్వు బయటికెళ్లి తలుపెయ్యి,” అంది రెబెకా. “వంటింటి గుమ్మం దగ్గర నిలబడు. నేను పిలుస్తాను. వినిపిస్తే రా. వినిపించకపోతే కాసేపాగి తియ్యి.”

“మేడమ్, లోపల ఉక్క...”

“తెలుసు. వెయ్యి.”

తలుపు పడింది. చీకటి. రేకు కింద గాలి కదలకుండా నిలబడి ఉంది, పొయ్యి మీద మూత పెట్టినట్టు. రెబెకా నేల మీద ఆ నాలుగు సిమెంటు మచ్చల మధ్య కూర్చుంది. నాగమణీ అని పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి గట్టిగా అరిచింది. ఆ అరుపు గోడలకి తగిలి తన మీదే పడింది. స్పాంజి పీకేశాకే ఇలా ఉంది. ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఆలోచించింది. చెమట మెడ మీద నుంచి కారుతోంది. ఇంకొకరికైతే భయం వేసేది, తలుపు బాదేవారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక్కడికి వచ్చిన పిల్లలకి చేతులు ఒళ్లోకి కూడా వచ్చి ఉండవు అనుకుంది. ఆ మాట కూడా రిపోర్టులో రాసే వాక్యంలాగే తోచింది.

వెలుతురు పడింది. నాగమణి గుమ్మంలో నిలబడి ఉంది.

“పిలిచేరా మేడమ్?”

“లేదులే,” అంది రెబెకా. “అచ్చాయమ్మని పిలువు.”

అచ్చాయమ్మకి అరవై ఉంటాయి. చీర కొంగు నడుముకి చుట్టుకుని, వంటింటి అరుగు మీద కూర్చోమంటే కూర్చోకుండా నిలబడింది. రెబెకా ఫోన్లో రికార్డింగు పెట్టి అడిగిన ప్రతిదానికీ ముందు తల ఊపి తర్వాత మాట్లాడుతోంది.

“ఆ రాత్రి సూర్యకి టిఫిన్ పెట్టింది మీరేనా అచ్చాయమ్మ గారూ?”

“ఆయ్. నేనేనండి.”

“ఏం పెట్టారు?”

“ఉప్మా అండి.”

“తిన్నాడా?”

“ఆయ్. మొత్తం తినేసేడండి.”

“వాడు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉన్నాడు?”

“రెండేళ్లు దాటిందండి.”

“రెండేళ్లలో ఇంకెప్పుడైనా ఉప్మా తిన్నాడా?”

అచ్చాయమ్మ నడుముకి చుట్టిన కొంగు విప్పి మళ్లీ బిగించుకుంది.

“పెరుగన్నం తప్ప ఇంకేదీ వాడికి దిగదని వాళ్లమ్మ మీకే చెప్పిందట. రెండేళ్లు మీరే కలిపి పెట్టారు. ఆ ఒక్క రాత్రి ఉప్మా తిన్నాడంటున్నారు. పొట్టలో మెతుకు లేదని డాక్టరు గారు చెప్పారు. రాత్రి తినలేదు. మధ్యాహ్నం కూడా తినలేదు.” రెబెకా గొంతు పెంచలేదు. “భోజనాలప్పుడు వాడు ఎక్కడున్నాడండి?”

వంటింట్లో కుక్కరు కూసింది. లోపల ఎవరో దాన్ని దించారు. అచ్చాయమ్మ అప్పుడు అరుగు మీద కూర్చుంది.

“ఎవరూ కొట్టలేదండి వాణ్ణి.”

“కొట్టారని నేనలేదు.”

“మైకు పెట్టేరండి. పుట్టినరోజు పాటలు. ఆ మోతకి చెవులు మూసుకుని కేకలెట్టేడు. తిరగడం మొదలెట్టేడు. దాతగారి కారు గేటులోకి వచ్చేస్తందండి అప్పుడే. నెమ్మదికి పంపండన్నారు సారు. నేనూ, వ్యాన్ డ్రైవరు నూకయ్యా పట్టుకెళ్లేం. కుర్చీలో కూర్చోబెట్టి నవారు కట్టేం. చేతులకీ, గుండెలకీ. పడిపోకుండా అండి. తలుపేసేం.”

“తర్వాత?”

“తర్వాత భోజనాలండి. కేకు కోసేరు. ఫొటోలు. పిల్లలకి కొత్తబట్టలు ఇచ్చేరు, అయ్యి తొడిగేం. ఆళ్లు వెళ్లేసరికి పొద్దు వాలిపోయింది. విస్తళ్లెత్తి, హాలు కడిగి, పిల్లల్ని వరసలో కూర్చోబెడితే ఒకడు తక్కువొచ్చేడండి.”

రెబెకా ఆగింది. చెప్పాల్సిన మాట ఆమె నోటి నుంచే రావాలి.

“మర్చిపోయేమండి,” అంది అచ్చాయమ్మ. “అందరం మర్చిపోయేం. తలుపు తీస్తే తల ముందుకి వాల్చేసి ఉన్నాడు. నిద్రపోయేడనుకున్నాను. సర్దుకున్నాడులే అనుకున్నానండి. బాబూ లేరా, పెరుగన్నం తిందువు గానీ అని భుజం మీద చెయ్యేస్తే...” ఆవిడ చేతిని గాల్లో పెట్టి, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకుంది. “తెల్లారగట్ల నూకయ్య భుజానేసుకుని తీసుకెళ్లేడండి. గేటెక్కేడని చెప్పమన్నారు సారు. చెప్పేను.”

నాగమణి పక్కకి తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. రెబెకా రికార్డింగు ఆపి, వెనక్కి జరిపి, మాటలు స్పష్టంగా పడ్డాయో లేదో చూసుకుంది.

“ఇంకా ఎవరెవరు వెళ్లేవాళ్లండి ఆ గదికి?”

“అందరూ ఎప్పుడోకప్పుడు వెళ్లినోళ్లేనండి. గట్టిగా అరిచేవోళ్లు ఎక్కువ వెళ్తారు. సీఐ గారి పాప ఎక్కువ వెళ్తాదండి. శ్రీదుర్గ.”

“ఏ సీఐ గారి పాప?”

“మన సీఐ గారేనండి. సత్యదుర్గారావు గారు. ఆ పాప ఇక్కడే ఉంటాది కదండీ.”

సత్యదుర్గారావు జీపు అప్పుడే గేటులోకి వచ్చింది.

ఆయన ఎత్తైన మనిషి. వరండా మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు. వెనకాలే వీరవెంకటరమణ. రెబెకా సెల్యూట్ చేసింది. ఆయన తీసుకోలేదు.

“ఏంటమ్మా, నా ఫైలు మీదికొచ్చి కూర్చున్నావంట.”

“ఎస్పీ గారు పంపించారు సార్.”

“పంపిస్తే ముందు స్టేషన్‌కొచ్చి నాకు చెప్పాలి. నేరుగా వచ్చి ముసలావిణ్ణి కూర్చోబెట్టి బెదిరించడం ఏ పద్ధతి? యాక్సిడెంటని తేల్చేం. అయిపోయింది.”

“కాళ్లకి బురద లేదు సార్. మీ పంచనామా ఫొటోలోనే ఉంది.”

“నీళ్లలో పడ్డవాడికి బురద కడుక్కుపోదా?”

“కాళ్లు నీళ్లలో లేవు సార్. తల ఉంది. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు. పొట్ట ఖాళీ. తెల్లవారుజామున గేటెక్కేటప్పటికే వాడు పోయి ఒక రాత్రి అయింది.”

ఆయన వీరవెంకటరమణ వైపు చూడలేదు. రెబెకానే చూస్తూ ఒక అడుగు ముందుకొచ్చాడు. గొంతు తగ్గించాడు.

“సరే. రాయి. రాసి ఈ స్కూలు మూయించు. మూయించి ఈ పిల్లల్ని ఎక్కడ పెడతావ్? మామూలు స్కూళ్లు గేటు దగ్గరే వద్దంటాయి. ఇళ్లల్లో ఏం చేస్తారో తెలుసా నీకు? మంచం కోడుకి కట్టేస్తారు. ఇలాంటి ఇళ్లు నేను ఎన్ని చూసేనో.”

“ఇక్కడా కట్టారు సార్. నవారుతో. కుర్చీకి.”

“ఎవరు చెప్పేరు?”

“అచ్చాయమ్మ గారు చెప్పారు. ఒక మధ్యాహ్నమంతా ఆ మెట్ల కింద కట్టేసి మర్చిపోయారు. గది చూశాను. మీరు చూశారా సార్ ఆ గది?”

సత్యదుర్గారావు చూడలేదు. అది ఆయన మొహంలోనే ఉంది. పదకొండేళ్ల పేరున్న మనిషి చెప్పింది నమ్మాడు, సంతకం పెట్టాడు. డబ్బు తీసుకున్న మొహం కాదు అది. ఇక్కడికి రాక ముందు రెబెకా అలాంటిదేదో అనుకుంది. అది అయి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

“మీ అమ్మాయి ఇక్కడే ఉంటుందటగా సార్.”

“ఉంటే?”

“ఎలా ఉంటుంది సార్ పాప?”

“దానికీ దీనికీ సంబంధం లేదు.”

“ఉంది సార్.”

ఆయన వరండా స్తంభానికి చెయ్యి ఆనించి, ఎవరో అడగాలని ఎన్నాళ్లుగానో చూస్తున్నవాడిలా చెప్పాడు.

“ఇంట్లో ఉన్నప్పుడు గోడకి తల కొట్టుకునేది. రక్తం వచ్చేదాకా. మా ఆవిడ రాత్రుళ్లు పట్టుకుని కూర్చునేది. ఎక్కడెక్కడికో తిప్పేం. ఇక్కడికొచ్చేక నెమ్మదించింది. ఇంటికి తెస్తే మూల కూర్చుంటాది. అరవదు. తల కొట్టుకోదు. మా ఆవిడ మూడేళ్ల నుంచి నిద్రపోతుందమ్మా. నువ్వొచ్చి నవారు, కుర్చీ అని...”

“చేతుల మీద మచ్చలున్నాయా సార్?”

“కొరుక్కుంటాది.”

“మీరు చూశారా, కొరుక్కోవడం?”

“సారు చెప్పేరు.”

“కొరికితే గుండ్రంగా పడుతుంది సార్.” రెబెకా ఫోను తీసి సూర్య ముంజేతుల ఫొటో చూపించింది. “ఇలా తిన్నగా అడ్డంగా ఉందా? రెండు చేతులకీ ఒకే చోట?”

ఆయన ఫోను చేతిలోకి తీసుకోలేదు. ఉన్న చోటు నుంచే చూశాడు. చూసి, మెల్లగా తన ఎడమ చేతిని తిప్పి, మణికట్టు మీద బొటనవేలితో కొలుచుకున్నట్టు ఒక చోట అదిమాడు. రెండో చేతి మీద కూడా అదిమాడు. ఆ చోట్లు ఆయనకి గుర్తున్నాయి.

“పాపని పిలవండి రమణ గారూ,” అన్నాడు.

వీరవెంకటరమణ కదల్లేదు.

“పిలవండి. చూసి పంపించేస్తాను.”

“పాప లేదండి ఇప్పుడు.”

“లేదంటే?”

“పొద్దున్నే ఒక నలుగురు పిల్లల్ని వ్యాన్లో పంపించేనండి. మా బావగారి తోట ఉంది రాజానగరం అవతల. సెలవలు కదా, మార్పుగా ఉంటుందని.”

“నలుగురే ఎందుకు పంపారు?” రెబెకా అడిగింది. “చేతుల మీద మచ్చలున్న నలుగురినేనా?”

వీరవెంకటరమణ సత్యదుర్గారావుతోనే, ఎప్పటి మెత్తదనంతోనే అన్నాడు.

“నిన్న మీరే ఫోన్ చేసేరు కదండీ. అమలాపురం నుంచి మేడమ్ గారు వస్తున్నారు, అన్నీ సర్దుకోమన్నారు. సర్దేనండి.”

సత్యదుర్గారావు టోపీ తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. నిన్న ఫోన్ చేసిన మాట ఆయన కాదనలేదు.

“నూకయ్య నంబరు,” అంది రెబెకా.

వీరవెంకటరమణ చెప్పాడు. ఆమె డయల్ చేసి స్పీకరులో పెట్టింది. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనకాల లారీల హోరు.

“నూకయ్యా, పోలీసులం మాట్లాడుతున్నాం. ఎక్కడున్నావ్?”

“జొన్నాడండి. బ్రిడ్జి దాటేను. టీకి ఆపేనండి.”

“పిల్లలేరి?”

“వ్యాన్లోనే ఉన్నారండి. తాళమేసేను, దిగిపోకుండా.”

“అద్దాలు?”

“ఎత్తేసే ఉన్నాయండి. గోల లేదండి. పొద్దున్న మందేసి ఎక్కించేం కదా, పడుకునే ఉన్నారు.”

సత్యదుర్గారావు ఫోను మీదికి వంగాడు. “శ్రీదుర్గ ఎలా ఉందిరా?”

“సార్, మీరాండీ. పాప చాలా నెమ్మదిగా ఉందండి. పొద్దున్న నుంచి కదల్లేదు.”

అచ్చాయమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. రెబెకా తన గొంతు తనకే దూరం నుంచి వినిపిస్తున్నట్టు, ఒక్కో మాటా విడిగా చెప్పింది.

“నూకయ్యా, టీ కింద పెట్టు. తలుపు తియ్యి. అద్దాలన్నీ దించు. ముందు పాప ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఫోను పెట్టొద్దు.”

తాళం తీసిన చప్పుడు. తలుపు జరిగిన చప్పుడు. నూకయ్య ఏదో గొణిగాడు. తర్వాత లారీలు మాత్రమే వినిపించాయి. సత్యదుర్గారావు చేతిలో టోపీ అంచు మడతలు పడుతోంది.

“ఊపిరాడుతుందండి,” అన్నాడు నూకయ్య చివరికి. “గురకలాగ వస్తంది. లేపుతుంటే లేవట్లేదు. మిగతా ముగ్గురూ కళ్లు తెరిచేరండి.”

“పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టు. వెల్లకిలా ఉంచకు. బండి వెనక్కి తిప్పి రావులపాలెం ఆస్పత్రికి పోనియ్. ఆగకు. వాళ్లకి నేను చెబుతున్నాను. నాగమణీ, ఆస్పత్రికి ఫోన్ చెయ్యి, అక్కడి స్టేషన్‌కి కూడా. వ్యాన్‌కి ఎదురు రమ్మను.”

నాగమణి అప్పటికే చేస్తోంది. సత్యదుర్గారావు జీపు వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. వీరవెంకటరమణకి బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమోనని రెబెకా అడ్డం వెళ్లబోయింది. ఆయన కొట్టలేదు. చేతులు కిందికే ఉన్నాయి.

“ఏం మందిచ్చేరు?”

“రోజూ ఇచ్చేదేనండి. పడుకోవడానికి. ప్రయాణం కదా అని ఒక మాత్ర ఎక్కువేసేం.”

“రోజూనా?”

“పిల్లలందరికీనండి. పొద్దున్న పాలల్లో కలిపి ఇస్తాం. లేకపోతే ఇంతమందిని ఇద్దరాయాలు చూడలేరు కదండీ.”

“మా అమ్మాయికీ?”

“ఆయ్.”

“చేరినప్పటి నుంచీ?”

వీరవెంకటరమణ కళ్లజోడు సర్దుకున్నాడు. సీఐ గారికి కోపం ఎందుకొస్తోందో ఆయనకి నిజంగానే అర్థమైనట్టు లేదు. అడిగినదానికి మర్యాదగా తల ఊపాడు.

“ఆయ్,” అన్నాడు.